అన్న వరసయ్యేటోనితోని లగ్గమా?

"లైబ్రరీ కొలువంటే ఏముంటది మేడం, ఫ్యాను కింద కూసొని పేపరు సదువుడే గద!" అని మొన్న ఒక పిలగాడు నా మొఖం మీదనే అన్నడు. కొత్తగ కొలువు దొరికినోడు, ఆ ఖుషీల ఉన్నడు, పోనీ అనుకున్న. గని లోపల మాత్రం సర్రున కోపమొచ్చింది. ఫ్యాను తిరిగేది కరెంటు ఉన్ననాడు. పేపరు నా చేతికి వచ్చేది ఊరోళ్ళందరు సదివి, నలిపి, మిర్చి బజ్జీల నూనె అంటించినంక. గందుకే గీ ముచ్చట రాస్తున్న. కొత్తగ కొలువులల్ల చేరినోళ్ళు జర ఓపిక పట్టి సదువున్రి. సర్కారు మనకు చెప్పిన పని ఒకటుంటది. మన చేతిల కెల్లి అయ్యే పని ఇంకొకటుంటది. ఆ రెండోది ఎప్పుడు ఏ రూపంల వస్తదో ఎవ్వరికెరుక? నాకైతే అట్టడబ్బల వచ్చింది.

రాష్ట్రమొచ్చి రెండు మూడేండ్లయి ఉంటది. నేను కేతేపల్లి దిక్కు ఒక ఊరి లైబ్రరీల చేస్తున్న. నల్లగొండల కిరాయి ఇల్లు, పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. రెండర్రల బిల్డింగు. ముందటర్రల పేపర్లు, ఎనుకర్రల పుస్తకాలు. మనుషులం ఇద్దరం: నేను, ఒక అటెండరు. అటెండరు కురుమోళ్ళ ఇంట్ల పుట్టిండు, మేనమామలు ఒగ్గు కథ చెప్పేటోళ్ళు. నోరు బంగారం, ఒళ్ళు బద్ధకం. బీరువ మీద దుమ్ము దులుపమంటే దుమ్ము గురించి కథ చెప్తడు గని దులుపడు.

ఆ ఊర్లనే పుట్టి, పట్నంల డాక్టరు చేసి రిటైరయిన ఒక పెద్దసారు ఒకనాడు ఫోన్ చేసిండు. "లైబ్రరీకి ఏమన్న ఇద్దామనుకుంటున్న, ఏం గావాలమ్మా?" అన్నడు. "పరీక్షలకు తయారయ్యే పిల్లలున్నరు సార్, గ్రూప్స్ పుస్తకాలుంటే మంచిగుంటది" అన్న. "సరే" అన్నడు. వారం తిరగక ముందే ఆటోల ఒక టీవీ, ఒక సీడీ ప్లేయరు, ఒక పెద్ద అట్టడబ్బ దిగినయి. ఎంత సంబరంగ విప్పిన్నో! చూస్తే ఒక్క పుస్తకం లేదు. అన్నీ సీడీలు. ఆయన లండన్ల సదువుకున్న కాలం సంది జమ చేసుకున్న ఇంగ్లండు సినిమాలు, పాతకాలం సీరియళ్ళు. ఏ అట్ట మీద చూసినా నేల ఊడ్చే గౌన్లు, గుర్రాల బండ్లు, పొగగొట్టాల పెద్ద పెద్ద ఇండ్లు.

అటెండరు ఒక్కొక్క అట్ట తిప్పి తిప్పి చూసి, "మేడం, గీళ్ళందరు ఒక్క లగ్గానికే పోతున్నరా?" అన్నడు.

పారేద్దామంటే ఇచ్చింది పెద్దమనిషి. సరే, ఇంగ్లీషన్న వస్తది పిల్లలకు అనుకొని, ఆదివారం పగటీలి బువ్వలు తిన్నంక ఎనుకర్రల ఏసుడు షురూ చేసిన. పరీక్షల పిల్లలు అర్ధగంట కూసున్నరు. "మేడం, గిది ఇంగ్లీషేనా? నోట్ల బుక్క పెట్టుకొని మాట్లాడినట్టున్నది" అని లేచి పోయి మళ్ళ కరెంట్ అఫైర్స్ పట్టుకున్నరు. నాకు మస్తు నారాజయింది. టీవీ బంద్ చెయ్యబోతుంటే ఎనుక నుంచి ఒక ఆడమనిషి గొంతు: "బంద్ చెయ్యకు మేడం. గా తెల్లామె ఎందుకేడుస్తున్నది, జర చెప్పరాదు?"

తిరిగి చూస్తే ఆ ఊరి అక్క ఒకామె. ఆదివారం చర్చిల ప్రార్థన అయినంక సీదా మా అరుగు మీదికొచ్చి కాసేపు నడుం వాల్చేది. పొలం కూలి చేసుకొని బతికే మనిషి. నలుగురు సోపతి ఆడోళ్ళు, పేపరు సదివే ముసలోళ్ళు ఇద్దరు ముగ్గురు, అందరు తలుపుల నిలబడి చూస్తనే ఉన్నరు. ఎవ్వలకూ ఒక్క ముక్క సమజ్ కాలె, గని ఒక్కలు కదలలె.

అట్ల నా అసలు కొలువు మొదలయింది. రిమోటు పట్టుకొని టీవీ పక్కకు కుర్చీ ఏసుకునేదాన్ని. నాలుగు మాటలు కాంగనే ఆపి, తెలుగుల చెప్పేదాన్ని. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతుండె కాబట్టి నడిచింది. లేకుంటే నేనూ ఆ పిలగాండ్ల ఎంబడే లేచిపోతుంటి! అటెండరు రెండో పక్క నిలబడేటోడు. కథకు వంత పాడినట్టు "ఆఁ, అప్పుడేమన్నది మేడం?" "అయ్యో, గట్లనే అన్నదా?" అని అందిచ్చేటోడు. ఒగ్గు కథ రకతం ఊకుంటదా! ముద్దులు పెట్టుకునే జాగ వచ్చిందంటే మాత్రం పేపరు మడత పెట్టుకుంటున్నట్టు పోయి టీవీకి అడ్డం నిలబడేటోడు. "జరుగు తియ్, మేమందరం పెండ్లిండ్లయినోళ్ళమే" అని ఆడోళ్ళు గదమాయిస్తె అప్పుడు జరుగుతుండె. ఇట్ల ఆపుకుంట చెప్పుకుంట పోతే ఒక్క సినిమా రెండు మూడు ఆదివారాలు నడిచేది.

సినిమా ఆపినంక ఒక్కొక్కల అభిప్రాయం అడిగేదాన్ని. పత్రికలల్ల రాసేటోళ్ళు ఫొటోగ్రఫీ అంటరు, నటన అంటరు. మావోళ్ళ అభిప్రాయాలు ఇనాలె మీరు!

"పొద్దున లేస్తే చాయ, మాపటికి చాయ. గింత చాయ తాగుతున్నరు, పనికెప్పుడు పోతరు?"

"అంతెత్తు ఆడది, సొంత జుట్టు దువ్వుకోరాదా? దానికో మనిషా?"

"గన్ని వానలు పడుతుంటె ఇంకా మొఖాలు ఎందుకట్ల పెట్టుకున్నరు?"

ప్రార్థనకు పోయే అక్క పెద్ద ఇంటి పనోళ్ళనే చూసేది. "మా అవ్వ గడీల వాకిలి ఊడ్చింది మేడం. దొర ముందట నిలబడే గతి లేదు. వీళ్ళు చూడు, జీతగాళ్ళు సుత బల్లకు కూసొని తింటున్నరు. దొర తిన్నంక తిన్నా, కుర్చీల కూసొనే తింటున్నరు" అన్నది ఒకసారి. గడీ, దొర – ఆ రెండు మాటలు ఆమె తెచ్చినంక ఇగ నాకు వేరే మాటలు ఎతుక్కునే పని తప్పింది. లార్డ్ అంటే దొర, ఆ బిల్డింగు అంటే గడీ. అందరికి అంతా సమజయింది.

ఇగ ఒక గొర్ల పెద్దాయన ఉండె. ఆయనకు మనుషులతోని పని లేదు. తెర మీద గొర్రె కనబడిందంటే "ఆపు మేడం, ఆపు!" అని కేక. కథానాయిక సావుబతుకుల మీద ఉన్నా సరే, ఆపాల్సిందే. దగ్గరికి పోయి, రుమాలు తీసి, కండ్లు చిన్నగ చేసి చూసి, "ఉన్ని మంచిగున్నది. కాళ్ళు పొట్టియి. మన బండల మీద నడువయి" అని తీర్పు చెప్పి వచ్చి కూసుండేటోడు. ఎవ్వరు నవ్వినా పట్టించుకోడు. నాకాయనంటే పాణం.

ఆయన ఎంబడి ఆయన బిడ్డ వచ్చేది. ముప్పై దాటిన మనిషి. పెండ్లి చేస్తే మొగడు ఇంకోదాన్ని చేసుకొని ఇడిసిపెట్టిండు. తల్లి లేదు. తండ్రి కాన్నే ఉండి బువ్వ వండుడు, గొర్లను తోలుకపోవుడు, తండ్రికి దగ్గొస్తే దవాఖానకు తీసుకపోవుడు, అన్నీ ఆమెనే. తండ్రి కుర్చీ ఎనుక కింద కూసునేది. "నీకెట్లనిపిచ్చిందమ్మా?" అని ఎన్నిసార్లడిగినా ఒక్కటే జవాబు. "మంచిగుంది మేడం." అంతకు మించి పెదవి విప్పేది కాదు.

ఊర్ల అందరికి ఎరుకైన సంగతి ఒకటుండె. పెద్దాయనకు కాలువ కింద రెండెకరాలున్నది. తాతల ఆస్తి కాదు, గొర్లమ్మి తను కొనుక్కున్నది. కొడుకు లేడు కాబట్టి ఆ జాగ తమ్ముని కొడుకు పేరు మీద రాస్తనని మాటిచ్చిండు. ఎందుకంటే రేపు సచ్చినంక తలగోరు పెట్టాలె, కాష్టానికి నిప్పు అంటియ్యాలె, దానికి మొగపిల్లగాడు కావాలె. ఆ తమ్ముని కొడుకు చెడ్డోడేం కాదు. పెద్దనాయినను బండి మీద సంతకు తీసుకపోయేటోడు. గని రేపు ఆ పిలగాని పెండ్లాం వచ్చినంక, ఇడిసిపెట్టిన అక్కను ఆ ఇంట్ల ఎవ్వలు ఉండనిస్తరు? గొర్లు ఏ జాగల ఆగాలె? ఆ రెండెకరాలు పోతే ఆమెకు నిలబడే తావు లేదు. ఊరంత లోపల లోపల అనుకునేటోళ్ళే, బయటికి అడిగినోళ్ళు లేరు. ఆమె అసలే అడుగలె.

గట్లాంటి టైంల నేను ఒక సీరియల్ ఏసిన. కావాలని ఏసినవా మేడం అని తర్వాత మస్తుమంది అడిగిన్రు. ఒట్టు, కాదు. అట్ట మీద ఓడ బొమ్మున్నది, సముద్రం కథ కావచ్చు, మనోళ్ళు సముద్రం చూడలేదు గద అని ఏసిన. చూస్తే సముద్రం లేదు, సాప లేదు. పెద్ద గడీ, ముగ్గురు ఆడపిల్లలు, దగ్గుకుంట ఒక ముసలి దొర. కొడుకులు లేరు. పేరు నిలబడాలని గడీ, భూములు మొత్తం ఓడల మీద పనిచేసే తన తమ్ముని కొడుక్కు రాసి సంతకం పెట్టి, కన్ను మూస్తడు. ఆడపిల్లలు పెట్టెలు సదురుకొని బయటికి పోవాలె.

నేను తెలుగుల చెప్పుకుంట పోయిన. చెప్పుకుంట పోతున్నకొద్ది నా గొంతు నాకే తక్కువయితాంది. గని గొర్ల పెద్దాయన మాత్రం అగ్గి మీద గుగ్గిలమయిండు.

"వాడేం తండ్రి మేడం! కన్నబిడ్డలను సలిల బయటికి తోలుతడా? గొర్రె సుత పిల్లను వాసన పట్టి దగ్గరికి తీసుకుంటది. థూ!" అన్నడు.

ఆడోళ్ళు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. మా అటెండరుకు కడుపుల మాట ఆగదు. ఏ కుళ్ళు లేకుంట, బువ్వ తిన్నవా అని అడిగినట్టే అడిగిండు. "మామా, నువ్వు సుత తమ్ముని కొడుక్కే రాస్తున్నవు గద?"

పెద్దాయన గతుక్కుమన్నడు. "నాది ఏరురా. నాకు తలగోరు పెట్టేటోడు కావద్దా?"

"గదీ నిజమే" అన్నడు అటెండరు. మళ్ళ నా దిక్కు తిరిగిండు. "మేడం, గాళ్ళకు తలగోరు ఎవ్వలు పెడ్తరు?"

"వాళ్ళు కాల్చరయ్యా, బొంద పెడ్తరు. తలగోరు లేదు వాళ్ళకు" అన్న.

"తలగోరే లేదా? మరి గా దొర తమ్ముని కొడుక్కు ఎందుకు రాసినట్టు?"

"పేరు నిలబడాలనట" అన్న. ప్రార్థన అక్క మెల్లగ అన్నది: "మా నాయినకు మట్టి మేము అక్కచెల్లెండ్లమే పోసినం. ఏమాయె? పోవాల్సిన తావుకు పోలేదా ఆయన?" పెద్దాయన రుమాలు భుజాన ఏసుకొని లేచి పోయిండు. బిడ్డ ఎంబడే పోయింది.

ఆ బుధవారమే రిజిస్ట్రేషన్ ఉండె. "మంచి రోజు కాదట, జర ఆగుదాం" అని పెద్దాయన ఆపిండు. తమ్ముని కొడుక్కు బుగులు పట్టుకున్నది. పెద్దనాయిన మనసు ఎక్కడ తిరిగిందని ఆరా తీస్తే లైబ్రరీ కాడ తేలింది.

మాకేమో వచ్చే ఆదివారం ఇంకో ఆఫతు తయారుగ ఉన్నది.

రెండో సీడీల ఆ ఓడల పిలగాడు గడీకి వస్తడు. మంచోడు. ఎత్తుగుంటడు, తక్కువ మాట్లాడుతడు. ఆడోళ్ళందరికి నచ్చిండు. ముగ్గురిల నడిపి పిల్లతోని తోటల నడుస్తడు, గుర్రం ఎక్కుడు నేర్పుతడు. ఒకనాడు వాన పడుతుంటె చెట్టు కిందికి గుంజుకపోయి, మోకాలు మీద కూసొని అడుగుతడు. నేను ఆపి, మంచి ఉషారుగ చెప్పిన: "నన్ను లగ్గం చేసుకుంటవా అని అడుగుతున్నడు!"

ఎవ్వలన్న సప్పట్లు కొడ్తరనుకున్న. అర్రల పిడుగు పడ్డట్టయింది.

"ఏందీ? లగ్గమా? మేడం, వాడు అన్న వరసైతడు గద!"

"చిన్నాయిన కొడుకు, చెల్లెను చేసుకుంటడా? థూ థూ!"

"ఒక్కటే ఇంటిపేరు! ఒక్క ఇంటిపేరోళ్ళకు లగ్గమేంది!"

ఇద్దరు కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని లేచి బయటికి పోయిన్రు. ఒక ముసలాయన గోడ దిక్కు తిరిగి కూసున్నడు. అటెండరు ముద్దు కూడ రాకముందే ఉరికి పోయి టీవీకి అడ్డం నిలబడ్డడు, మొత్తం ఒళ్ళు అడ్డం పెట్టి. నేనేమో "ఆగున్రి, ఆగున్రి, వాళ్ళకు గట్ల లేదు" అని మొత్తుకుంటున్న. "వాళ్ళకు మేనత్త కొడుకైనా, చిన్నాయిన కొడుకైనా, మేనమామ బిడ్డైనా ఒక్కటే మాట. అందరూ కజినే."

"అందరికీ ఒక్క మాటనా?" అన్నది ప్రార్థన అక్క, నోరు తెరిచి. "బావకు, అన్నకు ఒక్క మాటనా? గందుకే గిట్లయిన్రు!"

ఇంగ్లీషు భాష మీద నేను ఇన్న అభిప్రాయాలల్ల గింత ఖరాఖండి అభిప్రాయం ఇంకోటి లేదు. నవ్వాపుకోలేక చచ్చిన. గని మాపటికే నవ్వు ఆరిపోయింది. ఊరంత గుప్పుమన్నది: లైబ్రరీల మేడం అన్నచెల్లెండ్ల లగ్గం సినిమాలేస్తున్నదట! ఆడోళ్ళు గూడ కూసొని చూస్తున్నరట! తమ్ముని కొడుక్కు కావాల్సింది గదే. నలుగురిని కలుపుకొని జిల్లా ఆఫీసుకు పోయి చెప్పొచ్చిండు.

పై సారు ఫోన్ చేసిండు. నెమ్మదస్తుడే, గని రూలు రూలే. "ఏం సినిమాలమ్మా అవి? కంప్లయింటు వచ్చింది. ఆదివారం నేనే వచ్చి చూస్త. బాగలేకపోతే టీవీ, సీడీలు సీలు చేసి పంపాల్సి వస్తది. మీకు మెమో కూడ తప్పదు" అన్నడు.

రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషిని, మెమో అంటే భయం కాదా అంటే అయింది, ఎందుకు కాదు! గని అంతకంటె పెద్ద ఫికరు ఇంకోటున్నది. సారు వచ్చి గిది పాడు సినిమా అని సీలేస్తే, ఊర్ల తమ్ముని కొడుకు మాటే గెలుస్తది. "పాడు సినిమా చూసి మనసు మార్చుకుంటవా పెద్దనాయినా" అంటడు. మళ్ళ వచ్చే బుధవారానికి ఆ రెండెకరాలు రాసియ్యాల్సిందే. ఆమె బతుకు నా సీడీల తోని ముడిపడె. "అటెండరూ, ఏం చేద్దామయ్యా?" అంటే, "ఏమున్నది మేడం, మిగిలిన కథ చెప్పుడే. సగంల ఆపిన కథ అరిష్టం" అన్నడు. ఆ ఒక్కనాడు చెప్పకుంటనే బీరువలు దులిపిండు.

ఆదివారం అర్ర నిండిపోయింది. చూడరాని సినిమా అని పేరు పడ్డంక చూడని మనిషి ఉంటడా! సారును ముందట కుర్చీల కూసోబెట్టినం. పెద్దాయన తన తావుల, బిడ్డ ఎనుక కింద. తమ్ముని కొడుకు దర్వాజ కాడ చేతులు కట్టుకొని నిలబడ్డడు. ఆఖరి సీడీ ఏసిన. అటెండరు అందిచ్చుకుంట, నేను చెప్పుకుంట నడిపినం. నడిపి పిల్ల మస్తు రోజులు ఏడ్చి, ఆలోచించి, ఆఖరికి ఆ ఓడల పిలగానికి సరే అంటది. లగ్గమయితది. పోయిందనుకున్న గడీల మళ్ళ కాలు పెడ్తది. అక్కచెల్లెండ్లు సుత వాపసొస్తరు.

సారు కండ్లద్దాలు తుడుసుకున్నడు. "ఇందులో పాడు ఏమున్నదమ్మా? మా అమ్మగారు కూడ చూడొచ్చు" అన్నడు. నా పాణం కుదుటపడ్డది. తమ్ముని కొడుకు దర్వాజ కాడి నుంచే "వరస సార్, వరస చూడున్రి!" అన్నడు. సారు అతని దిక్కు చూసి, అందరి దిక్కు తిరిగి, "సరే, చూసినోళ్ళనే అడుగుదాం. మీ అభిప్రాయాలు చెప్పున్రి, నేను రాసుకుంట" అన్నడు.

ప్రార్థన అక్క చెప్పింది, ముసలోళ్ళు చెప్పిన్రు. సారు ఎనుకకు చెయ్యి చూపిచ్చి, "ఆ కింద కూసున్న అమ్మా, మీరు చెప్పున్రి" అన్నడు.

ఆమె 'మంచిగుంది' అంటదని నేను ముందే అనుకున్న. ఆమె లేచి నిలబడ్డది. కొంగు రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నది.

"సారూ, గా పిల్లకు ఒక తొవ్వ దొరికింది" అన్నది. "ఆస్తి తీసుకున్నోన్నే లగ్గం చేసుకున్నది, ఇల్లు దక్కిచ్చుకున్నది. వాళ్ళల్ల చెల్లుతదట. మాకు చెల్లదు. మా చిన్నాయిన కొడుకు నాకు తమ్ముడు. చిన్నప్పుడు నా సంకల పెరిగిండు. నాకు గా తొవ్వ లేదు."

తమ్ముడు తల దించుకున్నడు.

"ముగ్గురు అక్కచెల్లెండ్లు గన్ని సీడీల పొంటి ఏడ్చిన్రు సారూ. గని తండ్రి బతికున్నప్పుడు ఒక్కతన్న పోయి, నాకెందుకియ్యవు అని అడుగలె. అడిగితె ఏమంటుండెనో! నాకు అడుగుడు తప్ప ఇంకో తొవ్వ లేదు." ఆమె తండ్రి ముందటికి వచ్చింది. "నాయినా, నేను అడుగుతున్న. ఆ రెండెకరాలు నాకెందుకియ్యవు?"

సారు పెన్ను పక్కకు పెట్టిండు. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, దాచుకునేదేమున్నది.

పెద్దాయన బిడ్డ దిక్కు తిరిగిండు. "నువ్వు ఎన్నడన్న అడిగినవానే?" అన్నడు. కోపం కాదది. నిజంగనే అడుగుతున్నడు. "నీకు కావాలని నాకెట్ల ఎరుక? ఏదడిగినా మంచిగుంది అంటివి."

"ఇప్పుడు అడుగుతున్న గద నాయినా."

తమ్ముని కొడుకు దర్వాజ కాడి నుంచి, అంత గట్టిగ కాకుంట, "మరి తలగోరు పెద్దనాయినా?" అన్నడు.

పెద్దాయన లేచి నిలబడ్డడు. "సచ్చినంక ఎవ్వలు పెట్టిన్రో నాకేమెరుకరా? బతికుండంగ బువ్వ పెట్టేది ఇది" అన్నడు. మళ్ళ మెత్తగయిండు. దగ్గరికి పోయి తమ్ముని కొడుకు భుజం మీద చెయ్యేసిండు. "నీ మీద నాకు కోపం లేదు కొడుకా. బుధవారం నువ్వే బండి మీద తీసుకపో మమ్ముల. సాక్షి సంతకం సుత నువ్వే పెట్టాలె. నువ్వు పెడ్తెనే రేపు ఎవ్వలు మాట అనరు."

ఆ పిలగాడు వస్తడా రాడా అని మూడు దినాలు నాకు నిద్ర లేదు. వచ్చిండు. మొఖం గంటు పెట్టుకొనే వచ్చిండు గని వచ్చిండు. అక్కను, పెద్దనాయినను బండి మీద ఎక్కిచ్చుకొని తెచ్చిండు. అందుకు ఆ పిలగానికి కూడ నేను జీవితాంతం మొక్కుత. వచ్చే జాగ పోగొట్టుకొని, ఆ చేతితోనే సంతకం పెట్టుడు అందరి తరం కాదు.

పై సారు మెమో ఇయ్యలె. 'ప్రేక్షకుల అభిప్రాయం: సంతృప్తికరం' అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిండట. సర్కారు భాషల అంతకంటె ఎక్కువ పట్టదు. పొయ్యేముందు మాత్రం ఆ సీరియల్ మొదటి సీడీ ఇంటికడిగి తీసుకపోయిండు. డాక్టరు సారుకు నేను ఫోన్ చేసి, "మీరు పంపిన డబ్బకు వేల దండాలు సార్" అంటే, "పుస్తకాలే పంపాల్సిందేమోనమ్మా" అన్నడు పాపం.

రెండో సాక్షిగ నన్ను రమ్మన్నరు. కొలువుల ఎన్ని సంతకాలు పెట్టిన్నో లెక్క లేదు. ఏ సంతకం పెట్టినప్పుడూ నా చెయ్యి గంత ఖుషీగ ఆడలె. నేను ఆమెకు ఏమియ్యలె పిల్లలూ, ఓడ బొమ్మ చూసి ఒక సీడీ ఏసిన, అంతే. ఆమెనే నాకిచ్చింది. ఇన్నేండ్లు నువ్వు చేసింది ఉట్టి పని కాదు అని ఎవ్వలు చెప్పినా నమ్మకపోతుంటి, ఆమె చెప్పకుంటనే నమ్మిచ్చింది. గా కొలువుకు, గా ఊరుకు, గా అర్రకు నా రుణం తీరేది కాదు.

పని అయినంక రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగి వచ్చినం. పగటి ఎండ మండుతున్నది. పెద్దాయన ఏలికి అంటిన సిరా రుమాలుకు తుడుసుకుంట, బిడ్డ దిక్కు చూసి అడిగిండు. "ఇంకేమన్న అడిగేదున్నదా బిడ్డా?"

ఆమె నన్ను చూసింది, తమ్ముని చూసింది. మొఖమంత నవ్వు. అట్ల నవ్వంగ నేనెన్నడు చూడలె.

"ఉన్నది నాయినా" అన్నది. "ఆకలైతాంది. మా అందరికి హోటల్ల బువ్వ తినిపియ్యి."